గడప సున్నా

శ్రావణ బహుళ చవితి

వాకిలి కట్టేవాడు ఏ రోజు పని ఆ రోజే రాసిపెట్టాలని రూలు. చాలామంది రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటారు. నేను నాలుగు ముక్కలు ఎక్కువే రాస్తాను. అది నా జబ్బు. మా ఆవిడ సువర్చలకి అలవాటైపోయింది.

ఈరోజు కొత్త పని ఒప్పుకున్నాను. దిబ్బపాలెంలో కొల్లాటి నూకరత్నం అనే ఆవిడ సలహా వ్యాపారం పెడుతోంది. నేల సలహా. ఇంటి కింద నేల ఎంత దిగింది, ఇంకెంతకాలం ఆగుతుంది, ఎప్పుడు సామాను సర్దుకుని మెరకెక్కాలి అనేది చెబుతుంది. సముద్రం ఒడ్డున ఇప్పుడు ఇంతకన్నా గిరాకీ ఉన్న సలహా ఇంకొకటి లేదు.

సలహా చెప్పాలంటే తెర మీద వాకిలి ఉండాలి. మనుషుల గొంతులు అరువు తెచ్చుకుని మరలు మాట్లాడటం మొదలుపెట్టి, ఎందరి కొంపలనో ముంచాక వచ్చిన కట్టుబాటు ఇది. ఒక వ్యాపారానికి ఒకటే వాకిలి. ఒకటే రంగు, ఒకటే అక్షరం, ఒకటే గొంతు. తెర ముందు ఎవరు నిలబడి అడిగినా వాకిలి యజమాని గొంతుతోనే జవాబు చెబుతుంది. యజమాని కూడా బయట అలాగే మాట్లాడాలి. అందుకే యజమానులందరి మెడ దగ్గరా ఒక గుండీ ఉంటుంది. వాకిలి మాటకీ మనిషి మాటకీ తేడా వస్తే అది చిటుక్కుమంటుంది. తేడా చిన్నదైతే హెచ్చరిక, పెద్దదైతే వాకిలి మూత. ఇదంతా వింటూ కూర్చునే యంత్రానికి పొంతన అని పేరు. దాన్ని ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

నా మెడకీ గుండీ ఉంది. “మేము మీ వాకిలి కడతాము” అంటుంది నా వాకిలి. ఏళ్ళ తరబడి నేనూ ‘మేము, మా, మీరు, మీ’ అంటూనే బతుకుతున్నాను.

ఆవిడ ఫోన్‌లో పనికన్నా ముందు అడిగిన మాట: “మన ఇల్లు ఎక్కడండి?”

నాకు నవ్వొచ్చింది. మెరకపేటలో ఎవరూ అలా అడగరు. ఆ పాలెం వాళ్ళకి ఎదుటివాడి ఇల్లు, ఎదుటివాడి పిల్లలు, ఎదుటివాడి నడుంనొప్పి కూడా ‘మన’వే. అది వాళ్ళ మర్యాద. మా ఇల్లు మెరకపేటలో అని చెప్పాను. ‘మా’ అన్న మాట కాస్త గట్టిగానే పలికినట్టున్నాను.

శ్రావణ బహుళ అష్టమి

దిబ్బపాలెం వెళ్ళొచ్చాను. అక్కడ తేదీలు ఎవరికీ పట్టవు. పోటు తిథిని బట్టి వస్తుంది కాబట్టి అన్నీ తిథుల్లోనే చెబుతారు. ఈ పని పూర్తయ్యేదాకా నేనూ తిథులే రాస్తున్నాను.

పాలెం అంతా ఒకటే వీధి. సముద్రం వైపు ఇళ్ళు కిటికీల దాకా ఉప్పు తాగి పెచ్చులూడుతున్నాయి. రోడ్డు మీద చెక్కలు పరిచి నడుస్తున్నారు. నూకరత్నం ఇల్లు మెరక వైపు చివర, ఇసక దిబ్బ మీద ఉంది. సన్నటి మనిషి. నడుముకి కొలతల సంచీ కట్టుకుని తిరుగుతుంది. బోర్లు వేసే కంపెనీలో చాలాకాలం నేల పరీక్షలు చేసింది. ఎక్కడ వేసినా ఉప్పునీళ్ళే పడటంతో కంపెనీ మూతబడింది. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే కొలకర్రలతో అయిపోయిందంటుంది.

ఆ కొలకర్రలు చూపించింది. ఇంటింటికీ ఒకటి నేలలో దిగ్గొట్టి ఉంది. అన్నీ ఆవిడ ఇంటి గడప కింద ఉన్న పెట్టెతో మాట్లాడతాయట. ఆ గడపతో పోలిస్తే ఏ ఇల్లు ఎంత కిందికి పోయిందో పెట్టె లెక్క చెబుతుంది.

“మా గడప సున్నా అండి,” అంది. “పెద్ద వరదకి వీధి వీధంతా మా అరుగెక్కి కూచున్నారు. చుక్క నీరు గడప దాటలేదు. అందుకని లెక్క అక్కణ్ణుంచి మొదలెట్టాను.”

మంచి టేకు గడప. పసుపు రాసి రాసి చెక్కలోకి ఇంకిపోయింది. దాని మీద మూడు కుంకుమ బొట్లు. చూడగానే నా పని సగం అయిపోయింది. ప్రతి పేజీకీ పైన ఆ పసుపు గీత, దాని మీద మూడు చుక్కలు. ఇళ్ళ లెక్కలన్నీ ఆ గీత నుంచి కిందికి వేలాడతాయి. ఇంతకన్నా పొందికైన గుర్తు నేను ఈమధ్య ఎవరికీ కట్టలేదు.

గొంతు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. “మేము మీ ఇంటి నేలను పరీక్షించి మీకు తగిన సలహా ఇస్తాము” అని రాసుకెళ్ళాను. చదవమంటే ఆవిడ బళ్ళో పాఠం ఒప్పజెప్పినట్టు తడబడింది. ఎదుటివాళ్ళ ఇంటి సంగతి మాట్లాడితే ఆవిడ నోట ‘మేము’ రాదు, ‘మీరు’ రాదు. అన్నీ ‘మనమే’. యజమాని నోటికి రాని మాట వాకిలికి పెడితే పొంతన పట్టేస్తుంది. సరే అని మొత్తం తిరగరాశాను. మొదటి వాక్యం: “మన ఇంటి నేల మనం చూసుకుందాం.” ఆవిడ గొంతులో అది వినగానే నాకే ధైర్యం వచ్చింది.

చివరి వాక్యంగా “సమయం రాగానే మనం లేచిపోవాలి” అని రాశాను. ఆవిడ గడప మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ మాట ఆవిడ గొంతుతో తమ మొగుళ్ళకి వినపడితే వీధిలో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకొస్తారట. “మనం మెరకెక్కాలి” అని మార్చాను.

భాద్రపద శుద్ధ పంచమి

రంగులతో కుస్తీ. పసుపు కుదిరింది, తడి ఇటుక రంగు కుదిరింది, అక్షరాలకి గుండ్రటి తలకట్లు కుదిరాయి. మా ఇంట్లో గిన్నెలు తుడిచే గుడ్డ కూడా కర్టెన్ల రంగులోనే ఉండాలని నేను పట్టుబడతానని సువర్చల అందరికీ చెబుతుంది. అది నిజమే. ఒక వస్తువు మిగతావాటితో కలవకపోతే నాకు అన్నం సయించదు.

ఈరోజు కలవనిది ఒక గీత. ఇళ్ళ లెక్కల బొమ్మలో గీతలన్నీ పసుపు గడప నుంచి మెల్లగా కిందికి దిగుతున్నాయి. చూడటానికి బాధగా ఉన్నా ఒక తీరుగా ఉన్నాయి. ఒక్క గీత మాత్రం గడపని దాటి పైకి పోతోంది. అది మెరక అంచున బండ మీద ఉన్న పాత లైట్‌హౌస్‌ది. కర్రలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి ఆవిడ అక్కడా ఒకటి పెట్టిందట. ఆ గీత నా గుర్తుని అడ్డంగా కోసేస్తోంది. పైగా చూసినవాళ్ళు ఇదేమిటని అడుగుతారు.

ఫోన్ చేసి దీన్ని తీసేద్దామన్నాను.

“రాయెక్కడన్నా పెరుగుతాదేటండి?” అంది. “ఆ కర్రలోనే ఏదో తేడా ఉండుంటాది. తీసేయండి.”

తీసేశాను. పేజీ కడిగిన పళ్ళెంలా అయింది. హాయిగా అన్నం తిన్నాను.

భాద్రపద పౌర్ణమి

పొంతన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఒప్పుకుంది. “రంగు ఏకం. అక్షరం ఏకం. గొంతు ఏకం. తేడా లేదు.” నా పనికి ఇంత శుభ్రంగా రావడం అరుదు. నూకరత్నం మెడకి గుండీ పెట్టారు. దాన్ని పుస్తెలా కళ్ళకద్దుకుని మళ్ళీ తనే సిగ్గుపడింది.

మొదట అడిగినవాడు సంగాని దేముళ్ళు. వీధిలో సముద్రం వైపు చివరి ఇల్లు అతనిది. వలలు అల్లుతాడు, భార్యకి కీళ్ళనొప్పులు. నూకరత్నం అతన్ని బాబాయ్ అంటుంది. అరుగు మీద పెట్టిన తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి, మా ఇల్లు ఎన్నాళ్ళుంటాదని అడిగాడు. పక్కనే ఆవిడ ఉంది, అయినా తెరనే అడిగాడు. వాకిలి ఆవిడ గొంతుతో చెప్పింది: “మన ఇల్లు కార్తీకం దాకా ఆగుతాదండి. కార్తీకం రాగానే మనం మెరకెక్కాలి.”

దేముళ్ళు తల పంకించాడు. ఇన్నాళ్ళూ కొలవడానికి వచ్చినవాళ్ళు ఎంతోమంది ఉన్నారట గానీ ఇలా నెల పేరుతో సహా చెప్పినవాళ్ళు లేరట. సాయంత్రానికి వీధిలో అందరూ అడిగేశారు. ముందు వెనకలుగా అందరికీ కార్తీకమే వచ్చింది. మనసు కుదుటపడింది వాళ్ళకి. నాకూ పడింది.

భాద్రపద బహుళ ద్వాదశి

ఎందుకో అటు వెళ్ళాలనిపించి వెళ్ళాను. కార్తీకం ఎంతో దూరం లేదు. వీధిలో ఒక్క ఇంట్లోనూ మూట కట్టిన జాడ లేదు. దేముళ్ళు అరుగు మీద తీరిగ్గా వల అల్లుతున్నాడు. మెరక మీద సత్రంలో చోటు చూసుకున్నారా అని అడిగాను.

“రత్నం మనం అంది కదండీ,” అన్నాడు. “అది మూటెప్పుడు కడితే అప్పుడే మేవూను.”

ఇంకో రెండిళ్ళలో అడిగాను. అదే మాట. వీధి మొత్తం నూకరత్నం కోసం చూస్తోంది. నేను గొంతు కుదరడం కోసం పెట్టిన మాటని వీళ్ళు ఒట్టుగా పెట్టుకున్నారు.

ఆవిడకి చెప్తే కాసేపు అర్థం కాలేదు. తను వెళ్ళే ఆలోచన ఆవిడకి లేనే లేదు. గడప సున్నా కదా, సున్నా ఎక్కడికి దిగుతుంది? వీధంతా వెళ్ళాక కూడా తను ఇక్కడే ఉండి పక్క పాలేలకి కొలతలు చూస్తుందట. “మాటవరసకి అన్నానండి,” అంది. “మన పిల్లలు అంటే నా పిల్లలైపోతారేటండి?”

‘మనం’ తీసి ‘మీరు’ పెడదామన్నాను. అంటూనే అది కాని పని అని తెలిసింది. గొంతు మారిస్తే పొంతన దాన్ని వేరే మనిషి కింద లెక్కేస్తుంది. పైగా ఆవిడ నోరు తిరగదు. ప్రయత్నించింది కూడా, పాపం. “మీరు మెరకెక్కాలండి, మన సామాను…” అని ఆగిపోయింది. ఇద్దరం నవ్వాం గానీ ఆ నవ్వు నిలవలేదు.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

నిన్న అమావాస్య పోటు. తెల్లారాక దేముళ్ళే ఫోన్ చేశాడు. నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి, వంటింటి గోడ ఒరిగింది, భార్య మంచం మీద ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు. “కార్తీకం దాకా అంది కదండీ వాకిలి?” అని అడిగాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

వెళ్ళి చూశాను. గోడ మీద తడి చార, మా లెక్క ప్రకారం రావాల్సిన చోటుకి బెత్తెడు పైన ఉంది. నూకరత్నం మోకాళ్ళ మీద కూర్చుని అతని ఇంటి కొలకర్రని పీకి, కడిగి, మళ్ళీ దిగ్గొట్టింది. అదే లెక్క వచ్చింది. పక్కింటి కర్రా అంతే. కర్రలన్నీ ఒకే మాట చెబుతున్నాయి, నీళ్ళు ఇంకో మాట చెబుతున్నాయి.

ఇంటికి వచ్చి వాకిలి తెరిచి కూర్చున్నాను. అన్నీ ఒక తీరుగా ఉన్నాయి. ఎక్కడా తేడా లేదు. అందరూ ఒకేలా తప్పు చెబుతున్నారంటే తప్పు అందరికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉండాలి. నేను తీసేసిన లైట్‌హౌస్ గీతని తెచ్చి మళ్ళీ పెట్టాను. ఈ నెల రోజుల్లో అది ఇంకా పైకి పోయింది. గడపకి ఎంత పైకి పోయిందో లెక్క కట్టాను. బెత్తెడు.

రాయి పెరగదు. గడప దిగుతోంది.

ఇసక దిబ్బ కింద నుంచి కరిగిపోతోంది. గడపే దిగిపోతుంటే దాంతో పోల్చిన ప్రతి ఇల్లూ ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తుంది. ఆ సంగతి చెప్పే గీత ఒకే ఒక్కటి ఉంది. నా బొమ్మకి అందం చెడుతోందని దాన్ని నేనే తీసేశాను.

ఆశ్వయుజ శుద్ధ తదియ

ఒక రోజంతా చెప్పకుండా తిరిగాను. ఆ సంగతి కూడా రాస్తున్నాను. నా పనితనం మీద మచ్చ పడుతుందని ఒక భయం. అంతకన్నా పెద్ద భయం ఆవిడ మొహం చూడటం. ఈ ఉదయం వెళ్ళాను.

ఆవిడ గడపకి పసుపు రాస్తోంది. ఎదురుగా అరుగు మెట్టు మీద కూర్చున్నాను. ‘మీ గడప’ అనబోయాను. నోరు రాలేదు. ఏళ్ళుగా అంటున్న ‘మీ’ ఆ క్షణంలో చేతులు కడుక్కుంటున్నట్టు వినపడింది నాకే.

“మన గడప దిగుతోందండి,” అన్నాను.

నా మెడ దగ్గర గుండీ చిటుక్కుమంది. పసుపు చేత్తోనే ఆవిడ నా వైపు చూసింది.

లైట్‌హౌస్ గీత చూపించాను. ఆవిడకి రెండో మాట అవసరం లేకపోయింది. నేల పని చేసిన మనిషి. గీత చూసింది, గడప చూసింది, దిబ్బ అంచు దాకా నడిచి వెళ్ళి కింద ఇసక చేత్తో తీసి చూసింది. తడిగా, నురగలా వచ్చింది. తిరిగొచ్చి గడప మీద కూర్చోబోయి, ఆగి, నేల మీద కూర్చుంది. తీసేసింది నేనేనని, తప్పు నాదని చెప్పాను. తీసేయమన్నది తనే కదా అంది. అందరి ఇళ్ళల్లోనూ కర్ర దిగ్గొట్టి తన ఇంట్లో ఒక్కటీ ఎందుకు పెట్టుకోలేదో తనకి ఇప్పుడు తెలుస్తోందంది. ఎందుకని నేను అడగలేదు. తెలుసుకోవడం ఇష్టంలేని ఇల్లు మనిషికి ఒక్కటే ఉంటుంది.

లైట్‌హౌస్‌ని సున్నా చేసి లెక్క మళ్ళీ కట్టాం. కార్తీకం కాదు. ఈ పౌర్ణమి. ఈ పౌర్ణమి పోటుకి వీధిలో ఏ ఇల్లూ ఆగదు, దిబ్బ మీద ఇల్లుతో సహా.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

పొంతనకి అర్జీ పెట్టాను. లెక్క తప్పింది, వాకిలి మాట మార్చాలి అని. జవాబు వెంటనే వచ్చింది. “ముందు చెప్పిన మాటకు ఇది తేడా. పరిశీలన దీపావళి తరువాత. అంతవరకు పాత మాట కొనసాగవచ్చు, లేదా వాకిలి మూసి ఉంచవచ్చు.” ప్రాణాలమీదికొచ్చే సంగతని మళ్ళీ రాశాను. మళ్ళీ అదే జవాబు, అవే అక్షరాలు. నేను కట్టిన ఏ వాకిలికైనా ఇంత నిలకడ ఉంటే గర్వపడేవాణ్ణి.

దీపావళి పౌర్ణమి దాటాక వస్తుంది. అంటే వాకిలి రేపు కూడా, ఎల్లుండి కూడా కార్తీకం అనే చెబుతుంది. నూకరత్నం నోటితో పౌర్ణమి అంటే పొంతన తేడా పట్టుకుని వాకిలి మూసేస్తుంది. మూతబడిన వాకిలి మనిషి మాట మెరక మీద ఎక్కడా చెల్లదు. పని ఇవ్వరు, సంతకం తీసుకోరు. ఆవిడకి ఇదంతా విడమరిచి చెప్పాను. గుండీ తీసేసి రహస్యంగా ఇద్దరు ముగ్గురికి చెబుదామని కూడా అన్నాను.

“గుసగుసలాడితే ఎవరు నమ్ముతారండి?” అంది. గుండీ సవరించుకుని వీధి మధ్యకి నడిచింది.

జనం చేరారు. ఆవిడ గొంతు పెంచలేదు. “లెక్క తప్పింది. మా గడపే దిగిపోతోంది. కార్తీకం దాకా లేదు, ఈ పౌర్ణమికే మన వీధి పోతాది,” అంది.

గుండీ చిటుక్కుమంది. మళ్ళీ చిటుక్కుమంది. ఆ తర్వాత ఆగకుండా మోగి ఒక్కసారిగా చల్లబడింది. అరుగు మీద తెర నల్లబడింది. అందరి చేతుల్లో ఫోన్‌లలోనూ పసుపు గీత మాయమైంది. ఎవరో వెనకనుంచి మోసం అన్నారు. దేముళ్ళు ముందుకొచ్చాడు.

“మొన్న వాకిలి కార్తీకం అంది. ఈరోజు పౌర్ణమంటన్నావు. వాకిలేమో మూసేశారు. ఇప్పుడెవరి మాట నమ్మాలే రత్నం?”

ఆవిడ ఇంట్లోకి వెళ్ళి గునపం తెచ్చింది. గడప పక్కన పోటు వేసింది. టేకు చెక్క, పాత గోడ, అంత తేలిగ్గా ఊడదు. మట్టి రాలుతోంది. నేను సాయం పట్టబోతే వద్దంది. ఆ వైపు ఇళ్ళల్లో గడప పీకడమంటే ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. మనిషి పోయిన ఇంట్లో కూడా ఆ పని చేయరు. చివరికి ఊడొచ్చిన దాన్ని ఆవిడ భుజానికెత్తుకుంది. కిందంతా నీళ్ళు ఊరి ఉన్నాయి. ఆవిడ లెక్కల పెట్టె ఆ నీళ్ళలో సగం మునిగి ఉంది.

“మనం అన్నాను కదా బాబాయ్,” అంది. “నేను ఎక్కేస్తన్నాను.”

దేముళ్ళు ఆ గుంటలో నీళ్ళు చూశాడు. ఆవిడ భుజం మీది గడప చూశాడు. వెనక్కి తిరిగి భార్యని కేకేసి మూటలు కట్టమన్నాడు.

ఆశ్వయుజ పౌర్ణమి

వీధి లేదు. మధ్యాహ్నం లైట్‌హౌస్ బండ మీద నిలబడి అందరితోపాటు నేనూ చూశాను. దేముళ్ళు ఇల్లు ముందు పోయింది. ఆ తర్వాత వరసగా పోయాయి. దిబ్బ ఆఖరున, చప్పుడు లేకుండా, కూర్చున్నట్టుగా దిగిపోయింది. లోపల ఒక్క మనిషి కూడా లేడు. నిన్నటి దాకా నూకరత్నం బండి వెంట తిరుగుతూ, కదల్లేనివాళ్ళనీ కోళ్ళనీ వలలనీ పైకి చేరుస్తూనే ఉంది. అందరూ ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది. అది నా వీధి కాదని అక్కడ ఎవరూ నన్ను వేరుగా చూడలేదు.

సత్రంలో అందరికీ చోటు దొరికింది. గుమ్మం దగ్గర తెరకి ఎవరి పేరు వాళ్ళే చెప్పుకోవాలి. చెబితే లోపలికి దారిస్తుంది. దేముళ్ళు చెప్పాడు, అతని భార్య చెప్పింది, పిల్లలు చెప్పారు. నూకరత్నం చివర నిలబడి తన పేరు చెప్పింది. తెర తీసుకోలేదు. వాకిలి మూతబడిన మనిషి మాట చెల్లదు. తన పేరు తను చెప్పినా చెల్లదు. దేముళ్ళు గొడవపెట్టుకున్నాడట, ఈవిడ మాటతోనే మేమందరం బతికాం అని. అయినా తెరకి ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి.

ఇదంతా నాకు ఇంటికొచ్చాక ఆవిడ ఫోన్ చేస్తే తెలిసింది. ఫిర్యాదులా చెప్పలేదు. చెప్పి అడిగింది.

“మన ఇల్లు ఎక్కడన్నారండి?”

మొదటి రోజు అడిగిన మాటే. అప్పుడు మర్యాదకి అడిగింది. ఇప్పుడు కూడా మర్యాదకే అడిగిందో, తలదాచుకోవడానికి అడిగిందో నాకు తెలియదు. ఆవిడ భాషలో రెంటికీ ఒకటే మాట. జవాబు చెప్పాల్సింది నేను.

మూతబడిన వాకిలి మనిషిని ఇంట్లో పెట్టుకుంటే పొంతన మా వైపు చెవి తిప్పుతుంది. మా తిండి నా వాకిలి మీదే నడుస్తోంది. గుండీ ఇప్పటికే ఒకసారి హెచ్చరించింది. ఇవన్నీ నా మనసులోకి వచ్చాయి, రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. సువర్చల కర్టెన్ పక్కన నిలబడి నన్నే చూస్తోంది. ఫోన్ గొంతు ఆవిడకీ వినపడుతోంది.

“అడుగుతోందిగా, చెప్పండి,” అంది.

“మన ఇల్లు మెరకపేటలోనండి,” అన్నాను.

గుండీ చిటుక్కుమంది. లైట్‌హౌస్ దాటాక ఎడమచేతి వైపు రెండో సందు, మన ఇంటి ముందు నందివర్ధనం చెట్టు ఉంటుంది అని చెబుతూనే ఉన్నాను. అది చిటుక్కుమంటూనే ఉంది. విప్పి బల్ల మీద పెట్టాను. అక్కడా కాసేపు కొట్టుకుని ఆగిపోయింది.

ఆవిడ తన దగ్గర గడపొకటి ఉందని, బరువని, ఎక్కడ పెట్టమంటారని అడిగింది.

“తీసుకొచ్చేయండి,” అన్నాను. “ఎక్కడ పెట్టాలో మనం చూసుకుందాం.”

చొక్కా వేసుకుని సందు చివరికి బయల్దేరాను.